మనుషుల్ని అర్థం చేసుకునేటప్పుడు మనసు పట్టే దగ్గరిదారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఈయనకు పొగరు", "ఆమె చాలా మంచిది", "వీడితో పని కాదు" అని ఒక మనిషి గురించి తేల్చేయడానికి మనకు నిమిషం కూడా పట్టదు. ఆ తేల్చేయడం లోపల ఎలా జరుగుతుంది, ఎక్కడ సరిగ్గా నడుస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది, దిద్దుకోవడానికి ఏం చేయొచ్చు అన్నవాటి మీద ఎక్కువగా వచ్చే ప్రశ్నలివి. వరసగా చదవక్కర్లేదు. స్వభావమా, పరిస్థితా అన్న ప్రశ్నను మాత్రం వదలకండి. మిగతావాటిలో సగం దాని చుట్టూనే తిరుగుతాయి.

మానసిక షార్ట్‌కట్ అంటే అసలేమిటి?

కష్టమైన ప్రశ్న ఎదురైతే మనసు దాన్ని పక్కనపెట్టి, దానికి దగ్గరగా ఉన్న తేలికైన ప్రశ్నకు జవాబు చెప్పేస్తుంది. "ఈ మనిషిని నమ్మొచ్చా?" అన్నది కష్టమైన ప్రశ్న. అతను ఎప్పుడెప్పుడు మాట ఇచ్చాడో, అందులో ఎన్ని నిలబెట్టుకున్నాడో తెలిస్తే తప్ప జవాబు దొరకదు. "ఇతన్ని చూస్తే నాకు హాయిగా ఉందా?" అన్నది తేలికైనది. మనం రెండోదానికి జవాబు చెప్పి, మొదటిదానికి చెప్పామనుకుంటాం. మధ్యలో ప్రశ్న మారిపోయిందన్న సంగతి మనకే తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

సమయం, సమాచారం, లెక్కగట్టే శక్తి అన్నీ పరిమితమే కాబట్టి మనిషి అన్నిటికన్నా మంచిదాని కోసం కాక, సరిపోయేది దొరికేదాకానే వెతుకుతాడని హెర్బర్ట్ సైమన్ 1950ల్లోనే చెప్పాడు. 1974లో ఆమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానెమన్ 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసంతో మూడు దగ్గరిదారులకు పేరొచ్చింది. పోలికను బట్టి తేల్చడం ఒకటి: "చూస్తే లాయరులా ఉన్నాడు, లాయరే అయ్యుంటాడు." సులువుగా గుర్తొచ్చేదాన్ని బట్టి తేల్చడం రెండోది: మొన్నటి గొడవ కళ్లముందు ఉంది కాబట్టి "ఎప్పుడూ గొడవే." మొదట తగిలిన అంచనాకు లంగరు వేసుకుని, అక్కడి నుంచి కొద్దిగా మాత్రమే జరగడం మూడోది.

ఇవన్నీ లోపాలేనా? లేకుండా ఉంటే మంచిది కదా?

లేకుండా ఉండలేం. ఎదురుగా వస్తున్న మనిషి పక్కకు తప్పుకుంటాడా, అన్నది వేళాకోళమా నిజమా, ఇప్పుడు అడగొచ్చా కాసేపాగాలా? ఇలాంటివి రోజంతా వస్తూనే ఉంటాయి. ప్రతిదానికీ ఆధారాలు పోగేస్తూ కూర్చుంటే ఒక్క సంభాషణ కూడా ముందుకు సాగదు.

పైగా ఇవి చాలాసార్లు బాగానే పనిచేస్తాయి. నళిని అంబాడీ, రాబర్ట్ రోసెంతాల్ 1993లో ఒక పరిశోధన ప్రచురించారు. అధ్యాపకులు పాఠం చెబుతుండగా తీసిన వీడియోల నుంచి మాట వినిపించని చిన్నచిన్న ముక్కలు, ఒక్కొక్కరివి మొత్తం అర నిమిషం నిడివి మాత్రమే, ముక్కూమొహం తెలియనివాళ్లకు చూపించారు. వాళ్ల అంచనాలు, టర్మ్ అంతా ఆ క్లాసులో కూర్చున్న విద్యార్థులిచ్చిన మార్కులతో చాలావరకు సరిపోయాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సరిపోయింది విద్యార్థుల అభిప్రాయంతోనే. పిల్లలు నిజంగా ఎంత నేర్చుకున్నారన్నది వేరే లెక్క.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ మాట నిజమే, ఎందుకంటే కుండలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి. మనిషి రోజులు అలా ఉడకవు. గొంతులోని ఉత్సాహం, కలుపుగోలుతనం లాంటివి ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వాటికి ఒక్క మెతుకు సరిపోవచ్చు. నిజాయితీ, ఓర్పు, బాధ్యత అలాంటివి కావు. ఆ రోజు కింద ఎంత మంట ఉందో దాన్ని బట్టి మారతాయి.

ముఖం చూసి ఎంతసేపట్లో అభిప్రాయానికి వస్తాం?

సెకనులో పదో వంతు చాలు. జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ తొడొరోవ్ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలియనివాళ్ల ముఖాలను 100 మిల్లీసెకన్లు చూపించి నమ్మదగినవాడా, సమర్థుడా, దూకుడు మనిషా అని అడిగారు. వచ్చిన జవాబులు, సమయ పరిమితి లేకుండా చూసినవాళ్ల జవాబులతో బాగా కలిశాయి. అర సెకను, సెకను చూపించినా జవాబులు పెద్దగా మారలేదు. ఆ జవాబుల మీద నమ్మకం మాత్రం పెరిగింది.

ఎక్కువసేపు చూస్తే సరిగ్గా తెలుస్తుందనుకుంటాం. ఈ ప్రయోగాల్లో ఎక్కువసేపు చూడటం వల్ల ధీమా పెరిగింది, అంతే. ఇంకోటి, పదిమందికీ ఒకే ముఖం "నమ్మదగినదిగా" కనిపించిందంటే ఆ పదిమంది కళ్లూ ఒకేలా పనిచేస్తున్నాయని మాత్రమే అర్థం. ఆ ముఖం ఉన్న మనిషి నమ్మదగినవాడని దానివల్ల రుజువు కాదు. అందుకే దరఖాస్తులు చూసేటప్పుడు ఫొటో ఉన్న పేజీని పక్కన తీసిపెట్టి, చేసిన పనిని ముందు చదవండి. ఒకసారి ముఖం చూశాక దాన్ని చూడనట్టు ఉండటం ఎవరివల్లా కాదు.

మొదటి అభిప్రాయం ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుంది?

తర్వాత వచ్చే ప్రతి మాటకూ అదే రంగు పూస్తుంది కాబట్టి. సోలమన్ యాష్ 1946లో చేసిన ప్రయోగం చిన్నదే అయినా కళ్లు తెరిపిస్తుంది. ఒక గుంపుకు ఒక మనిషి గుణాలు ఇలా చదివి వినిపించారు: తెలివైనవాడు, కష్టపడేవాడు, ఆవేశపరుడు, తప్పులెన్నేవాడు, మొండివాడు, అసూయపరుడు. రెండో గుంపుకు అవే ఆరు మాటలు తిరగేసి చదివారు. మొదటి గుంపుకు అతను కొన్ని లోపాలున్నా సమర్థుడిలా కనిపించాడు. రెండో గుంపుకు ఆ లోపాలే సామర్థ్యాన్ని మింగేసిన మనిషిలా కనిపించాడు.

ఒక్క అక్షరం మారలేదు, వరస మారిందంతే. "తెలివైనవాడు" అన్నాక వచ్చే "మొండి" మనకు పట్టుదలలా వినిపిస్తుంది. "అసూయపరుడు" అన్నాక వచ్చే "మొండి" మూర్ఖత్వంలా వినిపిస్తుంది. యాష్ మరో జాబితాలో "స్నేహశీలి" అన్న అర్థమిచ్చే ఒక్క మాటను తీసి "ముభావి" లాంటి మాట పెడితే, ఆ మనిషి ఉదారుడా కాదా, సరదా మనిషా కాదా అన్న జవాబులు కూడా తలకిందులయ్యాయి.

కొత్తగా చేరుతున్నవాళ్ల గురించి జట్టుకు చెప్పేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోండి. "మంచివాడే గానీ కాస్త నెమ్మది" అన్న ఒక్క వాక్యం ఆరు నెలలు అతని వెంట నడుస్తుంది. గుణాలు చెప్పడం మానేసి, అతను ఇంతకుముందు ఏ పని చేశాడో, ఇక్కడ ఏం చేయబోతున్నాడో చెప్పండి.

ఒక మంచి గుణం కనిపిస్తే మిగతావీ మంచివే అనిపిస్తాయి. ఎందుకు?

దీన్ని హేలో ఎఫెక్ట్ అంటారు. దేవుడి పటాల్లో తల వెనక ఉండే వెలుగు లాంటిదన్నమాట. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో సైనికాధికారులు తమ కింది వారికి ఇచ్చిన మార్కులు పరిశీలించాడు. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక లాంటివాటికి విడివిడిగా వేసిన మార్కులు ఉండాల్సిన దానికన్నా చాలా దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక మనిషి మీద మొత్తంగా ఒక అభిప్రాయం పడ్డాక, ప్రతి గడిలోనూ దాన్నే నింపుతున్నారన్నమాట.

రిచర్డ్ నిస్‌బెట్, తిమోతీ విల్సన్ 1977లో దీన్ని ఇంకా దగ్గరగా చూపించారు. యాసతో ఇంగ్లిష్ మాట్లాడే ఒకే అధ్యాపకుడు ఒక వీడియోలో ఆప్యాయంగా, ఇంకో వీడియోలో కటువుగా మాట్లాడాడు. ఆప్యాయమైన వీడియో చూసినవాళ్లకు అతని రూపం, హావభావాలు, యాస ముచ్చటగా తోచాయి. కటువైనది చూసినవాళ్లకు అవే చిరాకు తెప్పించాయి. తర్వాత అడిగితే చాలామంది చెప్పింది తలకిందులుగా ఉంది: యాస, తీరు నచ్చలేదు కాబట్టే మనిషి నచ్చలేదన్నారు. నిజంగా నచ్చకపోవడానికి కారణమేమిటో వాళ్లకే తెలియలేదు.

జవాబు పత్రాలు దిద్దేవాళ్లకు దీనికి సులువైన విరుగుడు ఉంది. ఒక్కొక్కరి పత్రం మొత్తం దిద్దకండి. అందరి మొదటి ప్రశ్న దిద్ది, తర్వాత అందరి రెండో ప్రశ్నకు వెళ్లండి. మొదటి జవాబుకు వేసిన మార్కు కనిపించకుండా లోపలి పేజీలోనో, విడి కాగితం మీదో వేయండి. ఇలా చేస్తే ఒకే విద్యార్థి మార్కుల్లో ముందుకన్నా ఎక్కువ ఎగుడుదిగుళ్లు కనిపిస్తాయి. కంగారు పడొద్దు. అవి అంతకుముందూ ఉన్నాయి, మొదటి జవాబు వాటిని కప్పేసింది.

ఎదుటివాళ్లు తప్పు చేస్తే స్వభావం, మనం చేస్తే పరిస్థితి. ఇది నిజమేనా?

చాలావరకు నిజం. మనుషుల్ని అపార్థం చేసుకునే దారుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే.

1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హ్యారిస్ కొందరికి క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూనో, విమర్శిస్తూనో రాసిన వ్యాసాలిచ్చారు. "రాసినవాడికి వేరే దారి లేదు, ఏ వైపు రాయాలో పైవాళ్లే నిర్ణయించారు" అని స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా, చదివినవాళ్లు ఆ రాత రచయిత సొంత అభిప్రాయమే అన్నవైపు మొగ్గారు. పదేళ్లకు, 1977లో, లీ రాస్ ఈ మొగ్గుకు "మౌలిక ఆరోపణ దోషం" అన్న అర్థమొచ్చే పేరు పెట్టాడు. చూసిన పనికి మనిషి గుణమే కారణమనుకుని, అతను నిలబడిన చోటును లెక్కలోంచి తీసేయడమే ఆ దోషం.

చోటుకు ఎంత బలం ఉందో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ 1973లో చూపించారు. మతబోధకులు కాబోయే విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ఉపన్యాసం ఇవ్వడానికి పంపారు. దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతున్నాడు. తొందర లేదని చెప్పినవాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. కొద్దిగా తొందర ఉందన్నవాళ్లలో 45 శాతం. "ఇప్పటికే ఆలస్యమైంది" అని చెప్పి పంపినవాళ్లలో 10 శాతమే ఆగారు. పాల్గొన్నది 40 మందే కాబట్టి శాతాలను మరీ పట్టుకు వేలాడకూడదు. అయినా ఆగకుండా వెళ్లినవాణ్ని చూస్తే మన నోట వచ్చే మొదటి మాట "రాతి గుండె" అనే గానీ, "తొందరలో ఉన్నాడేమో" అని కాదు కదా!

ఇలా ఎందుకవుతుందన్నదానికి డేనియల్ గిల్బర్ట్, తోటి పరిశోధకులు 1988లో మంచి వివరణ ఇచ్చారు. ముందు పనిని చూస్తాం, వెంటనే దానికో గుణం అంటగడతాం, ఆ తర్వాత పరిస్థితిని బట్టి దిద్దుకుంటాం. మొదటి రెండూ వాటంతటవే జరిగిపోతాయి. దిద్దుబాటుకు మాత్రం ఓపిక కావాలి. కాబట్టి అలసిపోయినప్పుడు, బుర్ర ఇంకో పనిలో ఉన్నప్పుడు దిద్దుబాటు ఆగిపోయి గుణం ఒక్కటే మిగులుతుంది. రాత్రి పదకొండుకు ఎవరి స్వభావం గురించీ తీర్పు చెప్పొద్దు అనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

రెండు సవరణలు కూడా చెప్పాలి. జోన్ మిల్లర్ 1984లో చికాగో, మైసూరు వాసులను పోల్చి చూసింది. చికాగో పెద్దలు ఎక్కువగా గుణాల పేర్లు చెబితే, మైసూరు పెద్దలు చుట్టూ ఉన్న పరిస్థితులను, సంబంధాలను ఎక్కువగా చెప్పారు. చిన్నపిల్లల్లో ఆ తేడా పెద్దగా లేదు. అంటే కొంతవరకు ఇది పెరిగే కొద్దీ నేర్చుకునేదే. రెండోది: "ఇతరులకు స్వభావం, మనకు పరిస్థితి" అన్న తేడా అన్ని పనుల్లోనూ ఉండదు. బెర్‌ట్రమ్ మాలె 2006లో 173 అధ్యయనాలను కలిపి చూస్తే సగటున దాదాపు ఏమీ మిగల్లేదు. చెడు జరిగినప్పుడు మాత్రం తేడా కనిపించింది. జాగ్రత్త పడాల్సిందీ అప్పుడే.

స్వభావమో పరిస్థితో తేల్చుకోవడానికి ఏదైనా పద్ధతి ఉందా?

ఉంది. హెరాల్డ్ కెల్లీ 1967లో చెప్పిన మూడు ప్రశ్నలు ఇప్పటికీ బాగా పనికొస్తాయి. ఇదే చోట మిగతావాళ్లూ ఇలాగే చేస్తున్నారా? ఈ మనిషి మిగతా చోట్ల కూడా ఇలాగే చేస్తాడా? ఇదే చోట ప్రతిసారీ ఇలాగే చేస్తాడా?

ఒక సహోద్యోగి సమావేశాలకు ఆలస్యంగా వస్తున్నాడనుకుందాం. "బాధ్యత లేదు" అన్న మాట అప్పటికే నాలుక చివర ఉంటుంది. దాన్ని అక్కడే ఆపి, గడిచిన పది సమావేశాలు కాగితం మీద వేయండి: తేదీ, మొదలవ్వాల్సిన సమయం, అతను వచ్చిన సమయం, ఇంకెవరు ఆలస్యమయ్యారు. నాలుగుసార్లు ఆలస్యమయ్యాడని తేలింది. "ఎప్పుడూ" అనుకున్నది పదింట నాలుగైంది. ఆ నాలుగూ ఉదయం తొమ్మిదింటివే, మధ్యాహ్నం సమావేశాలకు ఒక్కసారీ ఆలస్యం లేదు. ఆ నాలుగింట్లో మూడింటికి ఇంకో ఇద్దరు కూడా ఆలస్యంగా వచ్చారు. ఇప్పుడు చేతిలో ఉన్నది మనిషి సమస్య కాదు, తొమ్మిది గంటల సమస్య. అదే మిగతావాళ్లంతా వేళకు వచ్చి, ఇతనొక్కడే ఉదయం, మధ్యాహ్నం తేడా లేకుండా ఆలస్యమైతే, అప్పుడు స్వభావం మాట ఎత్తడం న్యాయం.

ఈ పద్ధతి సాధారణంగా చెడేది మొదటి ప్రశ్న దగ్గరే. మనకు కోపం ఉన్న మనిషినే చూస్తాం గానీ పక్కవాళ్లు ఎప్పుడొచ్చారో చూడం. అందుకే పట్టికలో వాళ్ల గడి తప్పనిసరిగా ఉండాలి.

మెసేజ్‌లో "సరే." అని ఒక్క మాట పంపారు. కోపం వచ్చినట్టేనా?

తెలియదు. మీకే కాదు, ఆ ఒక్క మాట నుంచి ఎవరికీ తెలియదు. గొంతు, ముఖం, వేగం ఏవీ లేని చోట చదివేవాళ్ల మనసే ఆ ఖాళీని నింపుతుంది. మీరు భయంతో చదివితే కోపం, ధీమాగా చదివితే అంగీకారం వినిపిస్తుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టన్నమాట.

రాసేవాళ్ల వైపు నుంచీ పొరపాటు ఉంది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, తోటివారు 2005లో ప్రచురించిన ప్రయోగంలో, ఈమెయిల్‌లో రాసింది వ్యంగ్యమో నిజంగా అన్నదో చదివేవాళ్లు 78 శాతం సార్లు కనిపెడతారని రాసినవాళ్లు అనుకున్నారు. కనిపెట్టింది 56 శాతమే. బొమ్మాబొరుసూ వేసి చెప్పినా 50 వస్తుంది. రాసేటప్పుడు మన చెవిలో మన గొంతు వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి అది అక్షరాల్లోకి కూడా ఎక్కిందనుకుంటాం.

అందుకే ఆ మెసేజ్‌కు మూడు కారణాలు ఊహించండి: కోపం, పనిలో ఉండటం, నిజంగానే సరే అనడం. మూడూ ఒకేలా సరిపోతున్నాయంటే మీ చేతిలో ఆధారం లేదని అర్థం. "సరే అన్నావు, ఇష్టంగానేనా? లేక వేరే రోజు చూద్దామా?" అని అడగండి. "కోపమొచ్చిందా?" అని అడక్కండి. లేని కోపాన్ని తెప్పించే ప్రశ్న అది.

కళ్లలోకి చూడకపోతే అబద్ధం చెబుతున్నట్టే కదా?

కాదు. ఎన్నో దేశాల్లో ప్రజలు నమ్మే గుర్తు ఇదే గానీ, ఆధారపడదగ్గది మాత్రం కాదు. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో 24 వేల మందికి పైగా ఇచ్చిన తీర్పులను కలిపి లెక్క చూస్తే, నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పింది సగటున 54 శాతం.

ఇక్కడ ఇంకో లెక్క కూడా తప్పుతుంది. వెయ్యిమందిలో 20 మంది అబద్ధాలకోర్లు అనుకుందాం. వాళ్లలో 80 శాతం చూపు తప్పిస్తారనుకుందాం, అంటే 16 మంది. మిగతా 980 మందిలో బిడియం వల్లో, పెద్దల మీది గౌరవం వల్లో, కంగారు వల్లో 30 శాతం చూపు తప్పిస్తారు, అంటే 294 మంది. చూపు తప్పించిన 310 మందిలో అబద్ధం చెప్పేవాళ్లు 16 మందే, ఇంచుమించు 5 శాతం. గుర్తు ఎంత గట్టిదైనా, అసలు అబద్ధాలకోర్లు ఎందరన్నది వదిలేస్తే లెక్క ఇలాగే బోల్తా పడుతుంది. నిజం కావాలంటే కళ్లను వదిలేసి, సరిచూడగలిగే వివరం అడగండి: ఎన్నింటికి, ఎవరితో, ఎలా వెళ్లారు, రసీదు ఉందా.

"వాళ్లంతా అంతే" అనిపించడం ఎలా మొదలవుతుంది?

ద్వేషం లేకపోయినా మొదలవుతుంది. డేవిడ్ హ్యామిల్టన్, రాబర్ట్ గిఫర్డ్ 1976లో 39 వాక్యాలు చదివించారు. 'ఎ' జట్టు గురించి 26: 18 మంచివి, 8 చెడ్డవి. 'బి' జట్టు గురించి 13: 9 మంచివి, 4 చెడ్డవి. రెండింట్లోనూ మంచిచెడుల నిష్పత్తి ఒక్కటే. అయినా చదివినవాళ్లకు 'బి' జట్టు చేసిన చెడ్డ పనులు ఉన్నవాటికన్నా ఎక్కువగా తోచాయి. తక్కువగా కనిపించే జట్టు, తక్కువగా జరిగే చెడు రెండూ కలిస్తే కంట్లో పడతాయి. కంట్లో పడింది గుర్తుంటుంది. గుర్తున్నది ఎక్కువగా జరిగినట్టు అనిపిస్తుంది.

ఇలాంటి మాట మీ నోట వచ్చినప్పుడు నాలుగు గళ్లు గీయండి: ఆ జట్టు చేసిన చెడు, ఆ జట్టు చేసిన మంచి, మిగతావాళ్లు చేసిన చెడు, మిగతావాళ్లు చేసిన మంచి. మొదటి గడి చకచకా నిండుతుంది. మిగతా మూడింటికీ గుర్తులేవంటే, మీరు పోల్చలేదన్నమాట.

ఎదుటివాళ్ల స్థానంలో నిలబడి ఆలోచిస్తే సరిపోదా?

అందరూ ఇచ్చే సలహా ఇదే. మనసు మెత్తబడటానికి ఇది పనికొస్తుంది, కాదనం. కానీ ఎదుటివాళ్ల మనసులో ఏముందో సరిగ్గా తెలుసుకోవడానికి పనికొస్తుందనుకుంటే పొరపాటు. తాల్ ఎయల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో 25 ప్రయోగాలు ప్రచురించారు. అవతలివాళ్ల స్థానంలో ఊహించుకోమని చెప్పడం వల్ల అంచనా మెరుగుపడినట్టు ఎక్కడా స్థిరంగా కనిపించలేదు. నేరుగా అడిగి తెలుసుకున్నప్పుడు మాత్రం మెరుగుపడింది.

కారణం ఊహించొచ్చు. వాళ్ల స్థానంలోకి వెళ్లేది మనమే కాబట్టి మన భయాలు, మన ఇష్టాలు, మనకు తెలిసిన సంగతులు కూడా మూటగట్టుకునే వెళతాం. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగంలో కొందరు మనసులో పాట అనుకుంటూ బల్ల మీద దరువు వేశారు. వినేవాళ్లలో సగం మంది కనిపెడతారని వాళ్ల అంచనా. 120 పాటల్లో కనిపెట్టినవి మూడే. దరువు వేసేవాళ్ల తలలో పాట మోగుతోంది. వినేవాళ్లకు వినిపించింది టకటక శబ్దమే.

అడిగితే చాలా? ఎలా అడగాలి?

అడిగే తీరులోనే జవాబు దాగి ఉండే ప్రమాదం ఉంది. మార్క్ స్నైడర్, విలియం స్వాన్ 1978లో ఒక మనిషి కలుపుగోలు మనిషేమో తేల్చమన్నప్పుడు, జనం "విందులో సందడి తేవాలంటే ఏం చేస్తారు?" లాంటి ప్రశ్నలే ఎంచుకున్నారు. ఆ ప్రశ్నకు బిడియస్థుడు కూడా ఏదో ఒకటి చెబుతాడు. విన్నవాడికి అనుకున్నదే నిజమనిపిస్తుంది.

రెండు వైపులా తలుపు తెరిచి ఉంచే ప్రశ్న అడగండి. "నీకు ఈ పని ఇష్టం లేదు కదూ?" అనకుండా "ఈ పనిలో ఏది సాఫీగా సాగుతోంది, ఏది తలనొప్పిగా ఉంది?" అని అడగండి. అడిగాక ఆగండి. మౌనం ఇబ్బందిగా ఉందని మనమే జవాబు అందించేస్తే, ఎదుటివాళ్లు మొహమాటంతో "అవును, అదే" అంటారు. అక్కడితో విచారణ ముగిసిపోతుంది.

ఇంటర్వ్యూల్లో ఈ పొరపాట్లు ఎలా తగ్గించాలి?

ఇక్కడ ఒకరి జీవనాధారం మన అభిప్రాయం మీద వేలాడుతుంది. కాబట్టి కాస్త శ్రమ పడాల్సిందే.

ముందుగా ఆ పనికి కావాల్సిన గుణాలు ఐదారు రాయండి. ఒకదానితో ఒకటి కలవకుండా చూడండి. ఒక్కోదానికి రెండుమూడు ప్రశ్నలు, జరిగిన పనుల గురించి. ప్రతి గుణానికి 1 నుంచి 5 మార్కులు పెట్టి, 1 అంటే ఎలాంటి జవాబు, 3 అంటే ఎలాంటిది, 5 అంటే ఎలాంటిది అన్నది అభ్యర్థి రాకముందే ఒక్కో వాక్యంలో రాసుకోండి. అందరినీ అవే ప్రశ్నలు, అదే వరసలో అడగండి. ఒక గుణం అయిపోగానే మార్కు వేసి, తర్వాతిదానికి వెళ్లండి. చివర్లో కూర్చుని అన్నీ ఒకేసారి వేస్తే అవి ఆరు మార్కులు కావు, ఒకే అభిప్రాయానికి ఆరు నకళ్లు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇద్దరుంటే, ఒకరి కాగితం ఒకరు చూడకుండా మార్కులు వేశాకే మాట్లాడుకోండి. అందరికన్నా పై అధికారి చివర్లో మాట్లాడాలి, లేకపోతే మిగతావాళ్లు ఆయన మాటకే లంగరు వేస్తారు.

మరి మన అంతర్దృష్టిని చెత్తబుట్టలో వేయాలా? అక్కర్లేదు. కానెమన్ ఇరవయ్యేళ్లు దాటీదాటని వయసులో, 1950ల మధ్యలో, ఇజ్రాయెల్ సైన్యానికి ఇలాంటి ఇంటర్వ్యూ పద్ధతే తయారుచేశాడు. ఆరు గుణాలు, ఒక్కోదానికి విడివిడిగా మార్కు. తమను యంత్రాల్లా మారుస్తున్నారని ఇంటర్వ్యూ చేసేవాళ్లు గొడవ చేస్తే, చివర్లో కళ్లు మూసుకుని మనసుకు తోచిన మార్కు ఒకటి వేయమన్నాడు. ఆ ఆరూ పూర్తయ్యాక వేసిన ఆ మార్కు కూడా బాగానే పనిచేసింది. వివరాలన్నీ చూశాక తోచేదానికి, గుమ్మంలో చూడగానే తోచేదానికి చాలా దూరం ఉంది.

ఇదంతా చేసినా ఒక చోట కారిపోతుంది: మొదటి రెండు నిమిషాల పిచ్చాపాటి. చదివిన కాలేజీ ఒకటే అని తేలిందంటే చాలు, మిగతా నలభై నిమిషాలూ దాని నీడలోనే నడుస్తాయి. ఆ కబుర్లు ఇంటర్వ్యూలో లేనివాళ్లకు అప్పగించండి.

ఇంట్లో ఎవరికివారు "అన్నీ నేనే చేస్తున్నా" అనుకుంటారు. ఇదీ అలాంటిదేనా?

అవును, సులువుగా గుర్తొచ్చేదాన్ని బట్టి తేల్చడమే. మైకేల్ రాస్, ఫియోరె సికోలీ 1979లో 37 జంటలను ఎవరి వాటా ఎంతని విడివిడిగా అడిగితే, చాలా పనుల్లో ఇద్దరి వాటాలు కలిపితే మొత్తం కన్నా ఎక్కువైంది. ముఖ్యమైన సంగతేమిటంటే, గొడవలకు కారణమవడం లాంటి చెడ్డ పనుల్లోనూ తమ వాటా ఎక్కువే చెప్పారు. కాబట్టి ఇది గొప్పలు పోవడం ఒక్కటే కాదు. నేను చేసింది నా కళ్లముందు జరిగింది, అవతలివాళ్లు చేసింది నేను లేనప్పుడు జరిగింది. వారం రోజులపాటు ఎదుటివాళ్లు చేసినవే రాయండి, మీవి వాళ్లు రాస్తారు. వాదన కన్నా ఆ రెండు కాగితాలు త్వరగా పనిచేస్తాయి.

అందరూ నా తప్పునే చూస్తున్నారనిపిస్తుంది. నిజమా?

మీరనుకున్నంత కాదు. థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో, ఇబ్బందికరమైన బొమ్మ ఉన్న టీషర్ట్ వేసుకుని గదిలోకి వెళ్లినవాళ్లు, దాన్ని సుమారు సగం మంది గమనించారనుకున్నారు. నిజంగా గమనించింది దాదాపు పావు వంతు మందే.

ఇవన్నీ తెలుసుకుంటే తప్పులు తగ్గుతాయా?

తెలుసుకున్నంత మాత్రాన పెద్దగా తగ్గవు. ఎమిలీ ప్రోనిన్, డేనియల్ లిన్, లీ రాస్ 2002లో ఇలాంటి పక్షపాతాల జాబితా వివరించి అడిగితే, ఎక్కువమంది "ఇవి మిగతావాళ్లలో ఉన్నంత నాలో లేవు" అన్నారు. ఇది చదువుతూ మీకు గుర్తొచ్చిన ముఖాలన్నీ ఇతరులవే అయితే, జరిగింది అదే. పట్టికలు, విడి మార్కులు, ముందే రాసుకున్న ప్రశ్నల గురించి ఇంతసేపు చెప్పింది అందుకే. దగ్గరిదారి పట్టడం మన చేతిలో లేదు. దాని మీద సంతకం పెట్టేముందు ఆగడం మన చేతిలో ఉంది.

ఎవరినైనా చూడగానే భయం వేస్తే? అప్పుడూ ఆగి ఆలోచించాలా?

వద్దు, ముందు దూరం జరగండి. అనవసరంగా దూరం జరిగితే పోయేది నాలుగు నిమిషాలు. ప్రమాదాన్ని గుర్తించకపోతే పోయేది అంతకన్నా చాలా ఎక్కువ. అయితే ఆ భయాన్నే ఆధారంగా చేసుకుని అతని గురించి పదిమందికి చెప్పాలంటే మాత్రం, ఏం చూశారో, ఎప్పుడు, ఎక్కడ చూశారో రాయగలగాలి.

మనుషుల విషయంలో నా అంచనా ఎంత గట్టిదో ఎలా తెలుస్తుంది?

రాసి చూస్తే తప్ప తెలియదు. జ్ఞాపకం తప్పుల్ని చక్కగా దిద్దేస్తుంది, "నాకు ముందే తెలుసు" అనిపిస్తుంది. చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి, రెండు వారాల్లో తేలిపోయే అంచనాలు రాయండి. "మంచివాడు కాదు" లాంటివి తేలవు, వాటిని రాయకండి. "శుక్రవారంలోగా నివేదిక పంపడు, 90 శాతం ఖాయం" లాంటివి రాయండి. ఇరవై పోగయ్యాక లెక్క చూడండి. 90 శాతం ఖాయమన్న పదింటిలో ఆరే నిజమైతే, మళ్లీ అంత ధీమా కలిగినప్పుడు 60 అని రాయండి. ఎక్కువ తప్పింది ఎవరి విషయంలోనో కూడా చూడండి. చాలామందికి అది ఒకరిద్దరి పేర్ల దగ్గరే పోగవుతుంది. ముందుగా వెళ్లి మాట్లాడాల్సింది వాళ్లతోనే.